సర్కారువారి చదివింపులు

‘బాలికలదే పైచేయి.’

ఈ శీర్షికను పత్రికలవాళ్ళు ఏటా కొత్తగా రాయరు. ఎప్పుడో కంపోజ్ చేసి దాచుకున్నారు. ఇంటర్ ఫలితాలకు ఓసారి, పదో తరగతి ఫలితాలకు ఓసారి దుమ్ము దులిపి బయటికి తీస్తారు. కింద ఒకటే ఫొటో. నలుగురు అమ్మాయిలు రెండు వేళ్ళు చూపిస్తూ గాల్లోకి ఎగురుతుంటారు. పక్క పేజీ నిండా కార్పొరేట్ కాలేజీ ప్రకటన. మంత్రిగారు బటన్ నొక్కి, గొంతు సవరించుకుని, ఆడపిల్లలు దేనిలోనూ తీసిపోరని మరోసారి రుజువైందంటారు.

తీసిపోతారని అన్నదెవరండీ? రాశారు, పాసయ్యారు, ముందున్నారు. ఏటా రుజువు చేసుకోవాల్సిన ఖర్మ వాళ్ళకెందుకు? తప్పినవాళ్ళ జాబితా వేరే ఉంది. సర్కారు, చట్టం, ఊరి పెద్దలు, కన్నవాళ్ళు, మనం. ఆ ఫలితాలు ఎప్పుడు విడుదల చేస్తారు? దానికి బటన్ లేదా?

ఇంతకీ, ఏప్రిల్లో గాల్లోకి లేచిన ఆ చేతులు జూన్‌కల్లా ఎక్కడుంటున్నాయి? ఎన్ని కాలేజీ మెట్లెక్కాయి? ఎన్ని చేలో దిగాయి? ఎన్నింటికి గోరింటాకు పెట్టారు? ఆ లెక్కకు శీర్షిక లేదు. ఫొటో అసలే లేదు.

గట్టిగా అడిగితే చట్టం చూపిస్తారు. సరే, చూద్దాం. 2002లో రాజ్యాంగానికి 86వ సవరణ. 2009లో విద్యాహక్కు చట్టం. 2010 ఏప్రిల్ 1 నుంచి అమలు. ఎవరికి? ఆరేళ్ళ నుంచి పద్నాలుగేళ్ళ వరకు. అంటే ఎనిమిదో తరగతి గడప దాటగానే హక్కు హుష్ కాకి. ఇంకో చట్టం 2006 నాటిది. పద్దెనిమిది నిండకుండా పెళ్ళి చేయకూడదంటుంది. బాగుంది. మరి పద్నాలుగుకీ పద్దెనిమిదికీ నడుమ ఉన్న నాలుగేళ్ళ మాటేమిటి? ఆ నాలుగేళ్ళు ఆ పిల్ల ఎవరి పూచీ? నన్ను చదివించి తీరాలని ఎవరి గల్లా పట్టుకుని అడగాలి? తొమ్మిదిలో చేరడం, పది రాయడం, ఇంటర్ ముఖం చూడడం, అంతా పెద్దల దయ, పిల్ల ప్రాప్తం. సరిగ్గా ఆ వయసులోనే కదా ఇంట్లో గుసగుసలు మొదలయ్యేది? సరిగ్గా ఆ వయసులోనే కదా కూలికి చెయ్యి అక్కరకొచ్చేది? చట్టాలు రాసేవాళ్ళకు పద్నాలుగు తర్వాత పదిహేను వస్తుందని ఎవరూ చెప్పలేదా?

జనవరిలో పశ్చిమ కర్నూలు పల్లెలకు వెళ్ళిరండి. కోసిగి వైపు, మంత్రాలయం వైపు. ఇంటికి తాళం, అరుగు మీద ముసలమ్మ. ఏమైపోయారంతా అని అడిగితే ‘సుగ్గికి పోయినారు’ అంటుంది. సుగ్గి అంటే గుంటూరు మిరప చేలు. బియ్యం మూట, సత్తు గిన్నెలు, పరుపు చుట్ట, చంకలో పసివాడు, వాడిని ఎత్తుకోవడానికి ఓ అక్క. ఆ అక్క ఎనిమిదో తరగతి. కోత జనవరిలో మొదలై ఎండలు ముదిరేదాకా సాగుతుంది. పరీక్షలు కూడా అప్పుడే. మిరపకాయకు పరీక్షల టైంటేబుల్ తెలియదు, పాపం. విద్యాశాఖకు మిరప కోతల టైంటేబుల్ తెలియదా? ప్రతి ఏడూ అవే ఊళ్ళు, అవే నెలలు, అవే లారీలు. ఇదేమన్నా చెప్పకుండా వచ్చే తుపానా?

సీజనల్ హాస్టళ్ళు ఉన్నాయంటారు. ఉన్నాయి. కాగితం మీద చక్కటి ఆలోచన. కొడుకును వదిలేసి వెళ్ళొచ్చు. ఎదిగిన కూతుర్ని, కాపలా ఎవరో తెలియనిచోట, తలుపు గడియ పడుతుందో లేదో తెలియనిచోట నాలుగు నెలలు వదిలి రెండు జిల్లాల అవతలికి వెళ్ళమంటే ఏ తల్లి వెళ్తుంది? మీరు వెళ్తారా? అధికారులు వెళ్తారా? అందుకే పిల్ల కూడా లారీ ఎక్కుతుంది. బడి దాని మానాన అది నడుస్తుంది.

తుంగభద్ర దాటి గద్వాల వైపు వస్తే ఇంకో విద్యాలయం. సీడ్ పత్తి చేలు. పువ్వు పువ్వుకీ చేత్తో పుప్పొడి అద్దాలి. క్రాసింగ్ అంటారు. పొద్దున్నే మొదలుపెట్టాలి. వేళ్ళు సన్నగా ఉండాలి, మనిషి మొక్క ఎత్తులో ఉండాలి, కూలి తక్కువకు రావాలి. ఈ మూడు అర్హతలూ ఎవరికున్నాయో చెప్పక్కర్లేదు. 1990ల చివరినుంచి పరిశోధకులు రాస్తూనే ఉన్నారు, ఈ పనిలో ఉన్న పిల్లల్లో ఎక్కువమంది ఆడపిల్లలేనని. అప్పటికంటే తగ్గారు, నిజమే. పూర్తిగా పోలేదు. సైన్సు పుస్తకంలో పరాగ సంపర్కం అని ఓ పాఠం ఉంటుంది. ఆ పాఠం చెప్పే రోజున ఆ పిల్ల బడిలో ఉండదు. చేలో ప్రాక్టికల్స్ చేస్తుంటుంది. ప్రాక్టికల్స్‌లో వందకు వంద, హాజరులో సున్నా. పాలకులు ఊరుకుంటారా? 2016లో బాలకార్మిక చట్టాన్ని సవరించారు. పద్నాలుగు లోపు పిల్లలు పనిచేయకూడదు, అయితే బడి వేళలు కాని సమయంలో సొంత కుటుంబానికి సాయపడొచ్చట! సొంత కుటుంబానికి సాయం. ఆడపిల్ల ఇంట్లో చేసే చాకిరీకి ఇంత ముద్దుపేరు ఇంతవరకు ఏ కవీ పెట్టలేదు.

బడికి వెళ్తేమాత్రం ఏం ఒరుగుతుంది? మరుగుదొడ్డి ఉందా? ఉంది, ఉంది, లక్షల్లో కట్టించామన్నారు. కేంద్ర ప్రభుత్వరంగ సంస్థలు బడుల్లో కట్టించిన మరుగుదొడ్లను కాగ్ తనిఖీ చేసి 2020లో నివేదిక ఇచ్చింది. చూసినవాటిలో 72 శాతం దొడ్లకు లోపల నీళ్ళ వసతి లేదు. గోడలున్నాయి, తలుపు మీద అమ్మాయి బొమ్మ ఉంది, నీళ్ళు లేవు. నెలలో ఆ నాలుగు రోజులు బడికెందుకు రాలేదమ్మా అని హెడ్మాస్టరుగారు అడుగుతారు. ఏం చెప్పాలి సార్? కాగ్ నివేదిక చదవండని చెప్పాలా?

డబ్బులిస్తున్నాం కదా అంటారు. ఇస్తున్నారు. ఆంధ్రప్రదేశ్‌లో 2020 జనవరిలో అమ్మ ఒడి వచ్చింది. తల్లికి ఏడాదికి 15,000. ఇంట్లో ముగ్గురు పిల్లలున్నా లెక్క ఒక్కటే. తర్వాత మరుగుదొడ్ల నిర్వహణకని వెయ్యి కోశారు, 14,000 అయింది. ఆపైన బడి నిర్వహణకని ఇంకో వెయ్యి, 13,000 అయింది. దొడ్డి కట్టించింది వాళ్ళు, కడగడానికి డబ్బు తల్లిది! ఎన్నికలొచ్చాయి. కొత్త పెద్దమనుషులు ఇంటింటికీ తిరిగి పిల్లల తల నిమిరి, నీకు పదిహేను వేలు, నీకు పదిహేను వేలు అని లెక్కపెట్టారు. గెలిచారు. మొదటి ఏడాది ఆ ఊసే లేదు. 2025 జూన్‌లో తల్లికి వందనం వచ్చింది. ఎంతమంది పిల్లలుంటే అంతమందికీ అన్నారు, ఆ ఒక్కటీ మెచ్చుకోవాలి. చేతికొచ్చింది ఎంత? మళ్ళీ 13,000. మిగతా రెండు వేలు? బడి నిర్వహణకు. రంగు మారింది, పేరు మారింది, కత్తెర మాత్రం అదే.

ఇక బడికి దారి. ఆంధ్రలో 2022లో 117 అనే జీవో తెచ్చి ఊళ్ళో బడిలోని మూడు, నాలుగు, ఐదు తరగతుల్ని లేపి హైస్కూల్లో కలపడం మొదలుపెట్టారు. వాగు దాటాలా, హైవే దాటాలా అన్నది జీవోకు అనవసరం. తమ్ముణ్ణి ఆటోలో కాన్వెంటుకు పంపారు. చెల్లెల్ని? ‘రేపట్నుంచి చూద్దాంలే’ అన్నారు. 2025లో ఆ జీవోను రద్దు చేశారు. చాలా సంతోషం. ఈలోపు ఆగిపోయిన రేపట్లను ఏ జీవోతో రద్దు చేస్తారు?

తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రలో 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకు బస్సు ఉచితం. వెటకారం కాదు, నిజంగా మంచి పని. టికెట్ జీరో. మా ఊరికి వచ్చే బస్సులెన్ని అంటే, అదీ జీరోనే. బస్సు ఎందుకు, ఎలక్ట్రిక్ స్కూటీలే ఇస్తామని కాంగ్రెస్ వారు 2023లో తెలంగాణ అమ్మాయిలకు మాటిచ్చారు. పద్దెనిమిది నిండి చదువుకుంటున్న ప్రతి అమ్మాయికీనట. ఆ స్కూటీలు ఎక్కడో ఛార్జింగ్ పెట్టి మరిచిపోయినట్టున్నారు. ఎవరన్నా ప్లగ్ తీసి తీసుకురండి.

అన్నిటికీ ఒకటే మందని 2004లో కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాలు పెట్టారు. బడి మధ్యలో మానేసిన పేదింటి పిల్లల కోసం. ఈ దేశంలో ఆడపిల్లల పేరున జరిగిన కొద్ది మంచి పనుల్లో అదొకటి. కాబట్టి దాన్నీ సక్రమంగా నడపకూడదు కదా! అక్కడి టీచర్లను ఏళ్ళ తరబడి కాంట్రాక్టులోనే ఉంచారు. 2024 డిసెంబరులో ఈ టీచర్లతో సహా తెలంగాణ సమగ్ర శిక్ష ఉద్యోగులు సమ్మెకు దిగారు. చాయ్ తాగినంత సేపట్లో మీ పని చేసి పెడతామని కాంగ్రెస్ వారు ఎన్నికల ముందు చెప్పారు కదా అని గుర్తుచేశారు. ఆ చాయ్ ఇంకా మరుగుతోంది. ఆ రోజుల్లో కస్తూర్బా పిల్లలకు పాఠం ఎవరు చెప్పారని మాత్రం అడక్కండి.

అదే ఏడాది అక్టోబరు చివర్లో ఆసిఫాబాద్ జిల్లా వాంకిడి గిరిజన బాలికల ఆశ్రమ పాఠశాలలో అన్నం తిన్న పిల్లలు అస్వస్థులయ్యారు. తొమ్మిదో తరగతి చదివే ఒక పిల్ల నెల తిరక్కుండానే నిమ్స్‌లో చనిపోయింది. చదువుకొమ్మని పంపిన పిల్ల. దీని మీద నేను వెటకారం చేయలేను.

పద్నాలుగో ఏట మాయమైన సర్కారు పద్దెనిమిదో ఏట ఎలా ప్రత్యక్షమవుతుందో ఇక చూడండి. చేతిలో చెక్కు, పక్కన ఎమ్మెల్యే, వెనక ఫొటోగ్రాఫర్. 2014 అక్టోబరు 2న తెలంగాణలో కల్యాణలక్ష్మి, షాదీ ముబారక్ మొదలయ్యాయి. మొదట 51,000. తర్వాత 75,116. 2018 నుంచి 1,00,116. నూట పదహారు చూశారా? ఆచారం తప్పలేదు. మేనమామలాగా చదివింపులు చదివించింది ప్రభుత్వం. 2023లో పోటీకి దిగినవాళ్ళు ఊరుకుంటారా? మేమొస్తే పైన తులం బంగారం కూడా అన్నారు. ఈలోపు తులం లక్ష దాటింది, బంగారం మాట గొంతు దాటడం లేదు.

పేదింటి తండ్రికి ఆ లక్ష లక్షే. వడ్డీకిచ్చేవాడి గుమ్మం తొక్కే అవసరం కొంత తప్పింది. పద్దెనిమిది నిండాలన్న షరతు కూడా మంచిదే. నేను కాదనను. నేనడిగేది ఒకటే. ఆ అమ్మాయి ఏ తరగతి దాకా చదివిందని ఆ దరఖాస్తు ఎందుకు పట్టించుకోదు? ఆంధ్రలో 2022లో తెచ్చిన కల్యాణమస్తులో వధువూ వరుడూ పదో తరగతి పాసై ఉండాలన్నారు. అబ్బో, పది! అంతకు మించి చదివితే దిష్టి తగులుతుందేమో.

ఇటు చూడండి. 2008లో కేంద్రం ఓ పథకం పెట్టింది. తొమ్మిదో తరగతిలో చేరిన ఎస్సీ, ఎస్టీ, కస్తూర్బా బాలికల పేరున బ్యాంకులో డిపాజిట్ వేసేవారు. పది పాసై, పద్దెనిమిది నిండితే తీసుకోవచ్చన్నారు. ఎంతనుకున్నారు? 3,000. అక్షరాలా మూడు వేల రూపాయలు. చదివితే మూడు వేలు, పెళ్ళాడితే లక్షా నూట పదహార్లు. ఈ లెక్క అర్థం కావడానికి ఇంటర్ ఎంపీసీ అక్కర్లేదు. ఏ తండ్రికైనా అర్థమవుతుంది. అయింది కూడా.

ఆ పద్దెనిమిది దాకా ఆగినవాళ్ళ సంగతి ఇది. ఆగనివాళ్ళో? జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 లెక్క చెబుతాను. ఇరవై నుంచి ఇరవై నాలుగేళ్ళ వయసు ఆడవాళ్ళలో పద్దెనిమిది నిండకుండానే పెళ్ళయినవాళ్ళు ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం. తెలంగాణలో 23.5. దేశం సగటు 23.3. కేరళలో 6.3. సిలికాన్ వ్యాలీకి పిల్లల్ని ఎగుమతి చేస్తామని మీసం మెలేసే మనం, దేశం సగటుకంటే వెనక. ఆంధ్రలో పదిహేను నుంచి పంతొమ్మిదేళ్ళ అమ్మాయిల్లో 12.6 శాతం అప్పటికే తల్లులో, గర్భిణులో. టెన్త్ హాల్‌టికెట్ ఉండాల్సిన చేతిలో స్కానింగ్ రిపోర్టు.

బాల్యవివాహం చేసినా, చేయించినా, ఆఖరికి వెళ్ళి అక్షింతలు వేసినా నేరమే. రెండేళ్ళ దాకా జైలు, లక్ష దాకా జరిమానా. చట్టం అంత స్పష్టంగా ఉంది. మరి ఆ 29.3 శాతం పెళ్ళిళ్ళలో మంత్రాలు చదివిందెవరు? షామియానా వేసిందెవరు? శుభలేఖ అచ్చేసిందెవరు? ముందు వరుసలో కూర్చుని పప్పన్నం తిన్న సర్పంచిగారెవరు? వీళ్ళలో జైలు గోడ చూసినవాళ్ళెందరు? ఊళ్ళో సచివాలయముంది, అంగన్‌వాడీ ఉంది, పోలీసుంది, చైల్డ్‌లైన్ 1098 ఉంది. పక్కింట్లో కోడి పోతే తెలుస్తుంది, పదిహేనేళ్ళ పిల్ల మెళ్ళో తాళి పడితే ఎవరికీ తెలియదు. ఏం కళ్ళండీ అవి!

సర్కారును తిడుతుంటే తల ఊపుతున్నారు కదా? ఆగండి, మీ వంతు వచ్చింది.

అమ్మాయి ఈడేరితే ఊరి నాలుగు రోడ్ల కూడలిలో ఫ్లెక్సీ. ఓణీల ఫంక్షన్. డ్రోన్ కెమెరా, పూల పల్లకీ, పొగలు కక్కే స్టేజీ, ఇరవై రకాల వంటలు. డాలస్‌లో ఉన్న పెద్దమ్మ గారబ్బాయి కుటుంబం లైవ్‌లో చూసి తరించింది. వాళ్ళూ అక్కడ హాలు అద్దెకు తీసుకుని ఇదే చేశారు కదా. అప్పు చేశారా? చేశారు. సరే, అదే అమ్మాయి డిగ్రీలో చేరిందని ఎప్పుడైనా ఏ కూడలిలోనైనా ఫ్లెక్సీ చూశారా? ఫీజు కట్టాల్సిన జూన్ వచ్చేసరికి ‘ఈ ఏడాది చేతిలో ఆడట్లేదు’ అనే తండ్రి, ఆ ఫంక్షన్‌కు మాత్రం ఎలా ఆడించాడు? పిల్ల ఒంటికి వయసొచ్చిందని చాటింపు, బుర్రకు పదునొచ్చిందంటే భయం!

అంటే, పెళ్ళికి సిద్ధంగా ఉందని నోటీసు వేశారన్నమాట. ఆ తర్వాత లెక్కలు మొదలు. పది చదివితే ఇంటర్ అల్లుడు, డిగ్రీ చదివితే బీటెక్ అల్లుడు, బీటెక్ చదివితే అమెరికా అల్లుడు. చదువు మెట్టు ఎక్కేకొద్దీ కట్నం మెట్టూ ఎక్కుతుంది. చదివించడానికి ఒక ఖర్చు, చదివినందుకు ఇంకో ఖర్చు. కట్నం తీసుకోవడం 1961 నుంచి నేరం. ఆ సంగతి అల్లుడికీ తెలుసు, మామకూ తెలుసు, మధ్యవర్తి లాయరుగారికి ఇంకా బాగా తెలుసు. ఆడపిల్ల చదువుకు అడ్డం పేదరికమంటారు. సగం నిజం. మిగతా సగం ఈ బేరం. కొడుక్కి కాన్వెంటు, కూతురికి సర్కారు బడి. కొడుక్కి ఫోను, కూతురికి ఫోను మీద నిఘా. ఇంటర్నెట్ ఎప్పుడైనా వాడామన్న ఆడవాళ్ళు ఆంధ్రలో 21 శాతమైతే మగవాళ్ళు 48.8 అని అదే సర్వే చెప్పింది. 2020లో బడులు మూసి పాఠాలన్నీ ఫోన్లోకి దూరినప్పుడు ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ ఎవరి చేతిలో ఉందో మీ ఇంట్లో మీకు తెలుసు. నన్నడగకండి.

మరి కేంద్రం ఊరుకుందా? 2015 జనవరి 22న పానిపట్‌లో ‘బేటీ బచావో, బేటీ పఢావో’ అని శంఖం ఊదారు. 2016 నుంచి 2019 దాకా ఈ పథకానికి విడుదలైంది 446.72 కోట్లు. అందులో 78.91 శాతం ప్రచారానికే పోయిందని పార్లమెంటు మహిళా సాధికారత కమిటీయే 2021లో తేల్చింది. నూటికి డెబ్బై తొమ్మిది రూపాయలు పోస్టరుకు. పోస్టర్ మీద బేటీ ఎర్రటి రిబ్బన్లతో నవ్వుతూ పుష్టిగా ఉంది. పోస్టర్ అంటించిన గోడకు అవతల ఉన్న బేటీ అంట్లు తోముతోంది.

సభలకు మాత్రం లోటు లేదు. జనవరి 3న సావిత్రిబాయి ఫూలేకు దండ. జనవరి 24న జాతీయ బాలికా దినోత్సవం. అక్టోబరు 11న అంతర్జాతీయం. వేదిక మీద పన్నెండు మంది మగవాళ్ళు, జ్యోతి వెలిగించడానికి ఒక అక్క. రాజమండ్రిలో పుట్టి, ఎనిమిదేళ్ళకే పెళ్ళి చేస్తే ఆ పెళ్ళిని కాదని చదువుకున్న దుర్గాబాయి దేశ్‌ముఖ్ పేరు కూడా ఎవరో ఒకరు ఎత్తుతారు. ఆమె అధ్యక్షతన వేసిన జాతీయ మహిళా విద్యా కమిటీ 1959లోనే నివేదిక ఇచ్చింది. ఆడపిల్లల చదువును ప్రత్యేక సమస్యగా చూడండి, అబ్బాయిలతో ఉన్న తేడాను వీలైనంత త్వరగా పూడ్చండని. త్వరగా! ఆ మాట చదివి ఆరున్నర దశాబ్దాలుగా పరిశీలిస్తున్నారు. ఆ కమిటీ చెప్పింది చదవకుండా ఆమె ఫొటోకు దండ వేయడం కంటే తేలికైన పని ఇంకోటి లేదు.

2021 డిసెంబరులో ఇంకో ఉత్సాహం. అమ్మాయి పెళ్ళి వయసు 21కి పెంచుతామని లోక్‌సభలో బిల్లు పెట్టారు. స్థాయీ సంఘానికి పంపారు. సంఘం ఆలోచిస్తుండగానే 2024లో లోక్‌సభ గడువు తీరింది, బిల్లూ దానితోపాటే పోయింది. పోతే పోయింది. ఒక్క సంగతి గమనించారా? పద్దెనిమిదికీ ఇరవై ఒకటికీ మధ్య మూడేళ్ళు. డిగ్రీ కూడా మూడేళ్ళే. ఎంత చక్కగా కుదిరింది! మరి ఆ మూడేళ్ళ ఫీజు ఎవరు కడతారు? రీయింబర్స్‌మెంట్ ఉందిగా అంటారు. ఉంది. వేల కోట్ల బకాయిలతో ఉంది. 2025 నవంబరులో తెలంగాణ ప్రైవేటు కాలేజీలు బకాయిల కోసం తాళాలే వేసుకున్నాయి. కోర్సు పూర్తిచేసిన అమ్మాయి సర్టిఫికెట్ల కోసం వెళ్తే కౌంటర్లో గుమస్తా తల ఎత్తకుండా, డ్యూ ఉందమ్మా, కట్టి తీసుకెళ్ళు అంటాడు. సర్కారు కట్టనందుకు తాకట్టులో ఉన్నది ఎవరి పట్టా? మంత్రిగారిదా? ఇంటికెళ్ళి ఆ మాట చెబితే తండ్రి ఏమంటాడు? ఎలాగూ సంబంధం వచ్చింది, ఆ కాగితాలతో పనేముంది అంటాడు. పెళ్ళికైతే చెక్కు ఉంది మరి.

కాబట్టి ఏలినవారికి ఒక మనవి. మీకు నష్టం లేకుండానే చెబుతాను. ఆ లక్షా నూట పదహార్లు పెళ్ళిపందిట్లో కాకుండా, డిగ్రీ ఆఖరి పరీక్ష రాసి అమ్మాయి బయటికొచ్చిన రోజున కాలేజీ గేటు దగ్గరే ఇవ్వండి. చెక్కు ఆమె పేరున రాయండి. ఫొటో దిగండి. శాలువా కప్పించుకోండి. ఫ్లెక్సీ కట్టించి అందులో మీ తల ఆ పిల్ల తలకంటే నాలుగింతలు పెద్దదిగా వేయించుకోండి, ఎవరూ ఏమీ అనుకోరు, అలవాటే. ఖజానాలో అంత లేదంటారా? అయితే ముందు ఆ కాలేజీ బకాయి కట్టేసి, గుమస్తా బీరువాలో ఉన్న కాగితాలు విడిపించి ఆమె చేతిలో పెట్టండి. నూట పదహార్లు మీరే ఉంచుకోండి.